ఆరు నెలలంటే 92 రోజులు

పోయిన నెల మన క్లబ్బు మీటింగులో షానెల్ మిల్లర్ రాసిన 'నో మై నేమ్' పుస్తకం గురించి మాట్లాడుకున్నాం. రెండు గంటలు గడిచాయి. టీ కప్పులు ఖాళీ అయ్యాయి, అందరూ లేవబోతున్నారు. అప్పుడు వెనక వరుసలోంచి ఒక సెకండియర్ అమ్మాయి అడిగింది: "అక్కా, ఆర్నెల్ల శిక్ష పడినవాడు సత్ప్రవర్తన మీద మూడు నెలలకే బయటికొచ్చాడన్నారు కదా. ఆ మూడు నెలల్లో అతను చేసిన అంత మంచి పనేంటి?"

ఆ రోజు ఎవ్వరం సరిగ్గా చెప్పలేకపోయాం. "అమెరికాలో అంతే" అన్నాడొకడు. "డబ్బున్నోళ్ళకి ఎక్కడైనా అంతే" అన్నాడింకొకడు. రెండూ విన్నాక కూడా ప్రశ్న అక్కడే ఉండిపోయింది. తర్వాత కూర్చుని చదివితే తెలిసిందేంటంటే, ఆ ప్రశ్నకు సమాధానం ఒక్క మాటలో ఉంది: ఏమీ చెయ్యలేదు, చెయ్యాల్సిన అవసరమూ లేదు. అదెలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

పుస్తకం చదవనివాళ్ళ కోసం ముందు కేసు సంగతి. 2015 జనవరి 17 రాత్రి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక పార్టీ జరిగింది. అర్ధరాత్రి దాటాక సైకిళ్ళ మీద వెళుతున్న ఇద్దరు స్వీడన్ విద్యార్థులకు, ఒక చెత్త డబ్బా వెనక, కదలకుండా పడి ఉన్న అమ్మాయి మీద ఒకడు కనిపించాడు. వాళ్ళు అరిచారు, అతను పరిగెత్తాడు, వెంబడించి పట్టుకున్నారు. పేరు బ్రాక్ టర్నర్. స్టాన్‌ఫర్డ్ స్విమ్మింగ్ టీమ్‌లో ఫస్టియర్ కుర్రాడు. 2016 మార్చిలో జ్యూరీ మూడు నేరాలు రుజువయ్యాయంది. చట్టం ప్రకారం గరిష్ఠంగా 14 ఏళ్ళు పడొచ్చు. ప్రాసిక్యూషన్ ఆరేళ్ళు అడిగింది. 2016 జూన్ 2న జడ్జి ఆరన్ పర్స్కీ వేసింది ఆరు నెలల కౌంటీ జైలు, మూడేళ్ళ ప్రొబేషన్. దానితో పాటు బతికున్నంత కాలం లైంగిక నేరస్థుల రిజిస్టర్లో పేరు.

ఆ రోజు కోర్టులో బాధితురాలు తన వాంగ్మూలం చదివింది. అప్పటికి ఆమె పేరు లోకానికి తెలీదు, కాగితాల్లో 'ఎమిలీ డో' అని ఉండేది. మర్నాడు ఆ వాంగ్మూలం ఆన్‌లైన్లో వచ్చింది, లక్షల మంది చదివారు. 2019లో ఆమె తన అసలు పేరుతో పుస్తకం వేసింది. మనం మాట్లాడుకున్న పుస్తకం అదే.

సెప్టెంబర్ 2న టర్నర్ శాన్ హోసేలోని జైలు గేటు దాటి బయటికొచ్చాడు. లోపల గడిపింది 92 రోజులు. ప్రపంచమంతా పేపర్లలో, టీవీల్లో ఒకటే మాట: మంచి ప్రవర్తన వల్ల ముందే విడుదల.

ఇక్కడే మనం పడిపోతాం. 'సత్ప్రవర్తన' అనగానే మనకి ఆగస్టు 15కి ముందు పేపర్లో వచ్చే వార్త గుర్తొస్తుంది. ఎవరో పెద్దాయన, పాతికేళ్ళ కింద ఏదో గొడవలో చంపాడు, లోపల డిగ్రీ చదివాడు, తోట పెంచాడు, అధికారులు మెచ్చుకున్నారు, ప్రభుత్వం వదిలేసింది. అంటే ఎవరో చూశారు, తూకం వేశారు, మారాడని నమ్మారు. టర్నర్ విషయంలో కూడా ఎవరో జైలరు అతన్ని మూడు నెలలు గమనించి "మంచి కుర్రాడు" అని సర్టిఫికెట్ ఇచ్చాడనుకుంటాం. ఒళ్ళు మండుతుంది. మండాల్సిందే, కానీ జరిగింది అది కాదు.

కాలిఫోర్నియా శిక్షాస్మృతిలో 4019 అని ఒక సెక్షన్ ఉంది. కౌంటీ జైళ్ళలో ఉండేవాళ్ళకి, అంటే చిన్న శిక్షల వాళ్ళకి వర్తించేది. దాని లెక్క ఇలా నడుస్తుంది. శిక్షను నాలుగేసి రోజుల ముక్కలుగా కొయ్యండి. ఒక్కో ముక్కలో ఒక రోజు పనికి తగ్గిస్తారు, ఒక రోజు జైలు నియమాలు పాటించినందుకు తగ్గిస్తారు. మిగిలేది రెండు రోజులు. అంటే రెండు రోజులు నిజంగా లోపల ఉంటే నాలుగు రోజులు అనుభవించినట్టు లెక్క. ఆర్నెల్లంటే సుమారు 183 రోజులు, సగం చేస్తే 92. టర్నర్‌కి ప్రత్యేకంగా ఎవరూ ఏదీ ఇవ్వలేదు. అదే జైల్లో, అదే నెలలో, చిల్లర దొంగతనానికి ఆర్నెల్లు పడ్డవాడికీ మామూలుగా ఇదే లెక్క.

ఆ సెక్షన్లో నన్ను ఆపిన విషయం వాక్య నిర్మాణం. సాహిత్యం క్లబ్బు కదా, మనం వ్యాకరణం చూడకపోతే ఎవరు చూస్తారు? "పని చేస్తే ఒక రోజు తగ్గిస్తారు" అని లేదందులో. "అప్పగించిన పనిని నిరాకరించాడని రికార్డులో ఉంటే తప్ప ఒక రోజు తగ్గించాలి" అన్న అర్థంలో ఉంటుంది. ప్రవర్తనకూ అంతే, నియమాలు పాటించలేదని రికార్డులో ఉంటే తప్ప తగ్గించాలి. తేడా చిన్నగా కనిపిస్తుంది గానీ మొత్తం కథ అక్కడే ఉంది. మంచితనం రుజువు చేసుకోనక్కర్లేదు. చెడ్డపని రికార్డుకెక్కకపోతే చాలు. జైల్లో ఇవ్వడానికి పనే లేకపోయినా, నువ్వు నిరాకరించలేదు కాబట్టి ఆ రోజు నీ ఖాతాలో పడిపోతుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది ఎక్స్‌ట్రా మార్కులు కాదు, అటెండెన్స్ లాంటిది. క్లాసులో కూర్చున్నావు, గొడవ చెయ్యలేదు, హాజరు పడింది. నీకు సబ్జెక్టు అర్థమైందా లేదా అన్నది ఆ రిజిస్టరుకు సంబంధం లేని సంగతి. (అటెండెన్స్ 65 శాతం కూడా లేనివాణ్ణి మనం 'డిటెయిన్ అయ్యాడు' అంటాం. ఈ జైలు మాట మన కాలేజీల్లోకి ఎలా వచ్చిందో గానీ, ఎవరూ పరాయి మాట అనుకోరు.)

అందుకే విడుదల తేదీ సెప్టెంబర్‌లో ఎవరో నిర్ణయించింది కాదు. శిక్ష పడ్డ కొన్ని రోజులకే జైలు ఆన్‌లైన్ రికార్డులో 'సెప్టెంబర్ 2' అని కనిపించింది, జూన్‌లోనే అది వార్త కూడా అయింది. అప్పటికి అతను లోపల ఉన్నది పట్టుమని పది రోజులు కూడా లేదు. ప్రవర్తించడానికి టైమే లేదు, సత్ప్రవర్తన మాత్రం మొత్తం ముందే జమ అయిపోయింది. జడ్జి "ఆరు నెలలు" అన్న క్షణంలోనే దాని అర్థం మూడు నెలలు. ఆ కోర్టు హాల్లో ఉన్న లాయర్లందరికీ ఆ సంగతి తెలుసు. వాంగ్మూలం చదివిన అమ్మాయి లాంటివాళ్ళకి, టీవీ ముందు కూర్చున్న మనలాంటివాళ్ళకి తెలీదు.

నా అభిప్రాయంలో అసలు అన్యాయం సగం ఇక్కడుంది. శిక్షకు రెండు అంకెలు ఉంటాయి. బయటికి చదివేది ఒకటి, నడిచేది ఇంకొకటి. బాధితురాలికి మొదటి అంకె మాత్రమే వినిపిస్తుంది. మూడు నెలల తర్వాత రెండో అంకె ఆమె ఇంటి తలుపు తట్టినప్పుడు, దాని మీద 'మంచి ప్రవర్తన' అని రాసి ఉంటుంది. ఆ మాట ఆమెకు ఎలా వినిపిస్తుందో ఒక్కసారి ఊహించండి. ఆమె తన వాంగ్మూలంలో కోరుకున్నది అతను ఏళ్ళ తరబడి జైల్లో మగ్గిపోవాలని కాదు. చేసింది ఏమిటో అర్థం చేసుకోవాలని, ఒప్పుకోవాలని. 4019 లెక్కలో పశ్చాత్తాపం అనే గడే లేదు. టర్నర్ తర్వాత అప్పీలుకు వెళ్ళాడు, అది అతని హక్కు. 2018 ఆగస్టులో కోర్టు దాన్ని కొట్టేసింది.

మరి ఇలాంటి లెక్క ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?

కథ ఒక దీవి దగ్గర మొదలవుతుంది. ఆస్ట్రేలియా తీరానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా తూర్పున, సముద్రం మధ్యలో నార్ఫోక్ ఐలాండ్. బ్రిటిష్ వాళ్ళు అప్పటికే దేశం దాటించిన ఖైదీలు అక్కడ మళ్ళీ నేరం చేస్తే పంపే చోటు. కొరడా దెబ్బలు, ఇనప సంకెళ్ళు. 1840లో దానికి అధికారిగా అలెగ్జాండర్ మాకొనొకీ అనే నౌకాదళ అధికారి వచ్చాడు. అంతకు ముందు లండన్ యూనివర్సిటీ కాలేజీలో మొట్టమొదటి జాగ్రఫీ ప్రొఫెసరు ఆయనే. ఆయన వాదన సూటిగా ఉంటుంది. "పదేళ్ళు" అని శిక్ష వేస్తే ఖైదీ పదేళ్ళూ గోడ చూస్తూ కూర్చుంటాడు. అతను ఎలా ఉన్నా కాలం అదే వేగంతో నడుస్తుంది. కాబట్టి కాలంతో కాదు, పనితో కొలవండి. ఇన్ని 'మార్కులు' సంపాదిస్తే విడుదల. పని చేస్తే మార్కులు వస్తాయి, తప్పు చేస్తే పోతాయి, మంచి తిండి కావాలంటే మార్కులు ఖర్చు పెట్టుకోవాలి.

అవును, మార్కులే. మనం ఇన్నేళ్ళుగా జైలు, జైలు అంటున్న కాలేజీ సిస్టమ్ ఇదే కదా అని నాకూ నవ్వొచ్చింది.

ఆయన వచ్చిన కొద్ది నెలలకే, 1840 మేలో, విక్టోరియా రాణి పుట్టినరోజుకి ఖైదీలకు సెలవిచ్చాడు. గేట్లు తీయించాడు. విందు పెట్టాడు, ఖైదీలే నాటకం ఆడారు, రాత్రి బాణసంచా కాల్చారు. సాయంత్రం బూర ఊదగానే అందరూ గొడవ లేకుండా బ్యారక్‌లకు తిరిగొచ్చారు. ఈ వార్త సిడ్నీకీ లండన్‌కీ చేరాక మెచ్చుకుంటారనుకుంటే పొరపాటే. శిక్షంటే పిక్నిక్కా అని మండిపడ్డారు. 1844లో ఆయన్ని తీసేశారు. మనిషిని పంపేశారు గానీ మార్కుల ఆలోచన మాత్రం మిగిలింది. 1850లలో ఐర్లండ్ జైళ్ళలో వాల్టర్ క్రాఫ్టన్ దాన్ని వాడాడు, అక్కడి నుంచి చాలా దేశాలకు పాకింది.

మన దేశానికీ వచ్చింది. 1894 ప్రిజన్స్ యాక్ట్‌లో 'రెమిషన్ సిస్టమ్' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఖైదీలకు మార్కులు ఇవ్వడం, వాటి వల్ల శిక్ష తగ్గించడం అని ఉంటుంది. నార్ఫోక్ దీవిలో పుట్టిన మాట అలా మన చట్టంలో కూర్చుంది.

కానీ మాకొనొకీ మార్కుకూ, 4019 రోజుకూ మధ్య ఎంత దూరం ఉందో గమనించారా? ఆయన దగ్గర ఖైదీ సున్నా నుంచి సంపాదించుకోవాలి. కాలిఫోర్నియాలో మొత్తం ముందే జమ చేసేసి, తప్పు చేస్తే కోస్తారు. మధ్యలో ఏం జరిగింది? జైళ్ళు నిండిపోయాయి. అంతే.

ఇది దాచి పెట్టిన రహస్యమేమీ కాదు. కాలిఫోర్నియా రాష్ట్ర జైళ్ళు 80,000 కంటే కాస్త తక్కువ మంది కోసం కట్టినవి. ఒక దశలో అందులో 1,56,000 మంది ఉన్నారు. 2011 మేలో అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ వర్సెస్ ప్లాటా కేసులో, ఈ కిక్కిరిసిన జైళ్ళలో వైద్యం అందక మనుషులు చనిపోతున్నారని, రెండేళ్ళలో సంఖ్యను డిజైన్ కెపాసిటీలో 137.5 శాతానికి దించాలన్న ఆదేశాన్ని 5-4 మెజారిటీతో సమర్థించింది. ఆ తీర్పులో ఉన్న వివరాలు చదివితే కడుపులో తిప్పుతుంది. ఒక జిమ్ హాల్లో 200 మంది వరకు పడుకుంటే వాళ్ళను చూసేది ఇద్దరో ముగ్గురో గార్డులు. ఒక్కో చోట 54 మందికి ఒకే టాయిలెట్.

అదే ఏడాది రాష్ట్రం పెద్ద మార్పు చేసింది, చిన్న నేరాల వాళ్ళను రాష్ట్ర జైళ్ళకు బదులు కౌంటీ జైళ్ళకు మళ్ళించింది. అక్కడ కూడా చోటు కావాలి కదా. 2011 అక్టోబర్ నుంచి 4019లో సగానికి సగం రేటు స్థిరపడింది. అంతకు కొన్నేళ్ళ ముందు ఉన్న రేటు నాలుగు రోజులుంటే ఆరు రోజులు, అంటే మూడో వంతు తగ్గింపు. మధ్యలో రేటు ఒకసారి మారింది, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఖైదీల ప్రవర్తన ఆ రెండు మూడేళ్ళలో బాగుపడి, మళ్ళీ చెడి, మళ్ళీ బాగుపడిందా? మంచాల సంఖ్య, బడ్జెట్టు, కోర్టు ఆర్డరు మారాయి. 'మంచి ప్రవర్తన' రేటు వాటిని బట్టి మారింది.

ఇంగ్లండ్‌లో ఆ ముసుగు కూడా లేదు. అక్కడ చాలా శిక్షల్లో సగం గడిచాక విడుదల ఆటోమేటిక్. 2024 సెప్టెంబర్ 10 నుంచి జైళ్ళలో చోటు లేక దాన్ని 40 శాతానికి దించారు. కారణం చోటు లేకపోవడమేనని ప్రభుత్వమే చెప్పింది. నాకైతే ఆ నిజాయితీయే నయమనిపించింది.

ఇంకో విచిత్రం చెప్పి తీరాలి, మనవాళ్ళకు లెక్కలంటే ఇష్టం కాబట్టి. అమెరికా ఫెడరల్ జైళ్ళలో మంచి ప్రవర్తనకు ఏడాదికి 54 రోజుల వరకు తగ్గింపు ఉంది. కానీ శిక్ష 'ఒక ఏడాదికి మించి' ఉంటేనే. సరిగ్గా ఏడాది పడితే ఒక్క రోజు కూడా తగ్గదు, 365 రోజులూ ఉండాలి. ఏడాది మీద ఒక్క రోజు పడితే? 366లోంచి 54 తీసెయ్యండి, సుమారు 312. ఒక రోజు ఎక్కువ శిక్ష పడినవాడు యాభై రోజులు ముందు ఇంటికెళతాడు. అందుకే అక్కడ లాయర్లు "మా క్లయింటుకు శిక్ష ఒక్క రోజు పెంచండి" అని జడ్జిని బతిమాలుకుంటారు. జడ్జిలు కూడా తెలిసే 'ఏడాది ఒక రోజు' వేస్తుంటారు.

ఆ 54 మీద కూడా సుప్రీంకోర్టు దాకా గొడవ నడిచింది. పదేళ్ళ శిక్ష పడితే తగ్గింపు 540 రోజులా? జైళ్ళ శాఖ కాదంది. 54 రోజులు ఇచ్చేది నిజంగా లోపల గడిపిన ఏడాదికే, గడపని ఏడాదికి ఎలా ఇస్తాం అని. అప్పుడు లోపల గడిపే ఏళ్ళు x అనుకుంటే, 365x + 54x = 3650. x సుమారు 8.71. తగ్గింపు 470 రోజులు. అంటే ఏడాదికి 54 కాదు, 47. 2010లో బార్బర్ వర్సెస్ థామస్ కేసులో కోర్టు జైళ్ళ శాఖ వైపే మొగ్గింది. ఒక సమీకరణాన్ని ఎటు నుంచి చదవాలన్న దాని మీద లక్షల మంది ఒక్కో ఏడాదికి ఏడేసి రోజులు ఎక్కువ గడిపారు. 2018 డిసెంబర్‌లో ఫస్ట్ స్టెప్ యాక్ట్ వచ్చి, పడిన శిక్ష మీదే 54 లెక్కించాలంది. అది అమలైన 2019 జూలైలో 3,100 మందికి పైగా ఒకేసారి విడుదలయ్యారు. ఫస్టియర్ పరీక్షల్లో ఇలాంటి లెక్క ఒకటిస్తే మనం ఇంకాస్త శ్రద్ధగా చేసేవాళ్ళమేమో.

ఇక జమ అయిన రోజుల్ని కొయ్యడం. ఇది జైలు సిబ్బంది చేతిలో ఉన్న అసలు ఆయుధం. రెండొందల మందిని ముగ్గురు కాయాలంటే లాఠీ ఒక్కటే సరిపోదు. "గొడవ చేస్తే నీ పదిహేను రోజులు పోతాయి" అన్న మాట లాఠీ కన్నా బాగా పనిచేస్తుంది. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ ల్యాబులో మనం ఎంత మర్యాదగా ఉంటామో అందరికీ తెలుసు. అదే సూత్రం. అయితే ఇది దుర్వినియోగం కూడా అవుతుంది. 1974లో వోల్ఫ్ వర్సెస్ మెక్‌డానెల్ అనే కేసులో నెబ్రాస్కా ఖైదీలు అదే అడిగారు. కోర్టు చెప్పింది బావుంది: శిక్ష తగ్గించే పద్ధతి పెట్టాలని రాజ్యాంగం రాష్ట్రాన్ని బలవంతపెట్టదు. కానీ ఒకసారి పెట్టాక, ఇచ్చిన రోజుల్ని ఇష్టమొచ్చినట్టు లాక్కోకూడదు. ముందు రాతపూర్వకంగా ఆరోపణ ఇవ్వాలి, అతని మాట వినాలి, ఎందుకు కోస్తున్నారో రాసివ్వాలి.

సరే, టర్నర్ దగ్గరికి వద్దాం. జనం కోపం తర్వాత ఎటు వెళ్ళిందో చూడండి. 2016 సెప్టెంబర్ 30న కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. స్పృహలో లేని మనిషి మీద ఇలాంటి దాడి చేస్తే ప్రొబేషన్ కుదరదు, రాష్ట్ర జైలు తప్పదు. 2018 జూన్ 5న ఓటర్లు జడ్జి పర్స్కీని పదవి నుంచి దించేశారు. 1932 తర్వాత ఆ రాష్ట్రంలో ఓటుతో పదవి పోయిన మొదటి జడ్జి ఆయన. రెండింటిలోనూ మారింది శిక్ష వేసే చోటు. 4019 జోలికి వెళ్ళలేదు. అది సరైన పనే అనుకుంటున్నాను. తప్పు జరిగింది సెప్టెంబర్ 2న జైలు గేటు దగ్గర కాదు, జూన్ 2న కోర్టులో. ఆ సగం లెక్కను కోపంతో ఎత్తేసుంటే, దెబ్బ పడేది టర్నర్ మీద కాదు, అతను అప్పటికే ఒహాయోలో ఇంట్లో ఉన్నాడు. పడేది ఆ జైల్లో మిగిలినవాళ్ళ మీద. పర్స్కీని దించొద్దన్న వాళ్ళలో పేదల తరఫున వాదించే ప్రభుత్వ డిఫెండర్లు చాలామంది ఉండటానికి కారణం కూడా ఇలాంటి భయమే. జడ్జిలు బెదిరి కఠినంగా మారితే ముందు నలిగేది తమ క్లయింట్లేనని.

ఇదంతా ఆ సెకండియర్ అమ్మాయికి క్యాంటీన్లో చెప్పాను. ఓపిగ్గా విని, రెండో ప్రశ్న వేసింది: "మరి మన దగ్గర ఒకడికి మూడు నెలలు పడితే?"

మన దగ్గర 'సత్ప్రవర్తన' అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు పద్ధతులు ఉన్నాయి. ఆగస్టు 15 వార్త మొదటిది. ప్రభుత్వం తన అధికారంతో, లేదా 161వ అధికరణం కింద గవర్నర్ పేరు మీద, ఎంపిక చేసిన వాళ్ళను వదలడం. అక్కడ నిజంగానే ఒక కమిటీ, ఒక తూకం ఉంటాయి. యావజ్జీవం పడిన వాళ్ళ కథలన్నీ ఎక్కువగా దీనివే. రెండోది నెలనెలా రిజిస్టర్లో పడే రెమిషన్. రాష్ట్రానికో లెక్క ఉన్నా, జైలు మాన్యువల్స్‌లో పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి నెలకు రెండు రోజులు నడవడికకు, రెండు రోజులు పనికి. అగ్నిప్రమాదంలో సాయం చేస్తే, చదువు చెప్తే ఇంకొన్ని రోజులు. మొత్తం మీద ఒక పరిమితి.

సంజయ్ దత్ విషయంలో జరిగింది ఈ రెండోదే. ఆయుధాల కేసులో పడిన అయిదేళ్ళలో మిగిలిన 42 నెలల కోసం 2013 మేలో లొంగిపోయి, 2016 ఫిబ్రవరి 25న ఎరవాడ జైలు నుంచి ఎనిమిది నెలలకు పైగా ముందే బయటికొచ్చాడు. హీరో కాబట్టే వదిలారని కోర్టుకెక్కారు. బాంబే హైకోర్టు రికార్డులు చూసి, నియమాల ప్రకారమే జరిగిందని 2018లో ఆ పిటిషన్ కొట్టేసింది.

అయితే మూడేళ్ళ వాడికి పనికొచ్చే ఈ రెమిషన్ చిన్న శిక్ష వాడి దగ్గరికొచ్చేసరికి మాయమైపోతుంది. నెలో రెండు నెలలో పడితే మాన్యువల్స్ మామూలుగా అతన్ని లెక్కలోకే తీసుకోవు. ఇంత చిన్న శిక్షకు రిజిస్టరు తెరవడం దండగని. జరిమానా కట్టలేక దాని బదులు జైల్లో గడిపే రోజులకూ మామూలుగా రెమిషన్ ఉండదు. అంటే జేబులో డబ్బుల్లేక లోపలున్నవాడు ఎంత బుద్ధిగా ఉన్నా రోజు రోజే.

అసలు సంగతి ఇంకా ఉంది. మన జైళ్ళలో ఎక్కువమందికి ఇంకా శిక్షే పడలేదు. 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు. రెమిషన్ శిక్ష పడినవాళ్ళకే కాబట్టి వీళ్ళకు ఆ ఖాతా లేదు. శిక్ష పడితే అప్పటిదాకా గడిపిన రోజుల్ని శిక్షలోంచి మినహాయిస్తారు, రోజుకు రోజు. అంతకు మించి ఏమీ రాదు. కాలిఫోర్నియాలో 4019 తీర్పుకు ముందు లోపల గడిపిన రోజులకు కూడా వర్తిస్తుంది. మన దగ్గర వర్తించదు. 2024 జూలైలో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 479వ సెక్షన్‌లో, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపేస్తే బెయిల్ మీద వదలాలంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరమైతే, లేదా ఒకటికి మించి కేసులుంటే వర్తించదు. మంచి నిబంధనే. కానీ అందులో కూడా లెక్క కాలానిదే.

ఒక ఫోను దొంగతనం కేసు అనుకోండి. పూచీకత్తుకు మనిషి దొరకలేదు. నాలుగు నెలలు లోపలున్నాడు. తెల్లారి లేచాడు, వరండా ఊడ్చాడు, పక్కవాడికి ఉత్తరం రాసిపెట్టాడు, ఎవరితోనూ గొడవ పడలేదు. అయిదో నెలలో కేసు తెమిలింది, నేరం ఒప్పుకున్నాడు. మన కోర్టుల్లో తరచూ వినపడే తీర్పు: ఇప్పటికే గడిపిన కాలమే శిక్ష. సాయంత్రానికి బయట ఉంటాడు. శిక్ష, విడుదల ఒకే రోజు. తగ్గించడానికి ముందు ఒక్క రోజు కూడా మిగల్లేదు.

"అంటే అతని సత్ప్రవర్తన?" అంది.

ఎక్కడా రాసుండదు, అన్నాను.